ఐదు రోజుల పండక్కి... మూడేళ్ల పని!

దేశదేశాల ఇంజినీర్లు వస్తారు. కొత్త సంగతులు చెప్పుకుంటారు. బిర్యానీ తింటారు. ఐదారు రోజుల్లో ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. మాదాపూర్‌ వాళ్లకి తెలిసేది ఆ వారం కాస్త పెరిగిన ట్రాఫిక్కే. కానీ ఆ కొద్ది రోజుల కోసం జీతం భత్యం లేకుండా ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లు ఉంటారు. ఇంతకీ వాళ్లు చేసే పనేంటి?

2025 ఏప్రిల్‌ 6, ఆదివారం. శ్రీరామనవమి. భద్రాచలంలో సీతారాముల కల్యాణం. హైదరాబాద్‌ వీధుల్లో చలువ పందిళ్లు, పానకం, వడపప్పు. సీతారాంబాగ్‌ నుంచి శోభాయాత్ర. సరిగ్గా అదే రోజు నగరానికి మరో చివర, హైటెక్స్‌ కమాను లోపలున్న హెచ్‌ఐసీసీలో ఇంకో పందిరి లేచింది. మెడలో బ్యాడ్జీలు, భుజాన సంచులు, చేతిలో పొడవాటి పోస్టరు గొట్టాలతో జనం. ఒకరు సియోల్‌ నుంచి, ఒకరు పారిస్‌ నుంచి, ఒకరు పక్కనే ఉన్న గచ్చిబౌలి నుంచి.

అది ‘ఐకాస్‌’ సదస్సు తొలిరోజు. పూర్తిపేరు ఇంటర్నేషనల్‌ కాన్ఫరెన్స్‌ ఆన్‌ అకౌస్టిక్స్‌, స్పీచ్‌ అండ్‌ సిగ్నల్‌ ప్రాసెసింగ్‌. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు. ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల మోగే బస్సు హారన్‌ని ఎలా తగ్గించాలి, మనిషి గొంతును యంత్రం ఎలా గుర్తుపట్టాలి, ఆస్పత్రిలో తీసిన స్కానింగ్‌ బొమ్మలో మసకను ఎలా వడకట్టాలి... ఇవీ అక్కడ మాట్లాడుకునే విషయాలు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఏడాదికో ఊరు చొప్పున తిరుగుతూ తిరుగుతూ 50వసారి మన ఊరొచ్చింది. భారతదేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

పెళ్లి పందిరికైతే ఇంటిపెద్ద ఉంటాడు. ఖర్చు ఆయనది, మాట ఆయనది, చివరికి మాట పడేదీ ఆయనే. మరి ఈ పందిరికి పెద్దెవరు? ఇక్కడే అసలు తమాషా ఉంది.

సురభి నాటకంలా...

ఇలాంటి సదస్సుకి సొంత ఇల్లు ఉండదు. సొంత ఉద్యోగులూ దాదాపు ఉండరు. సురభి వాళ్లని గుర్తుతెచ్చుకోండి. తెరలూ, కిరీటాలూ, రంగులపెట్టెలూ సర్దుకుని ఊరూరా తిరిగేవాళ్లు కదా. ఇదీ అంతే. కాకపోతే సురభిలో ఒకే కుటుంబం తరతరాలుగా ఆడుతుంది. ఇక్కడ ప్రతి ఏడాదీ నటులు మారిపోతారు, దర్శకుడూ మారిపోతాడు. నాటకం మాత్రం అదే!

ఇంజినీర్ల ప్రపంచ సంఘం ఐ-ట్రిపుల్‌-ఈ లాంటిది వెనక ఉంటుంది. సదస్సు పేరు, నియమాలు దానివి. పాతకాపుల్లాంటి ఓ పదిమందితో స్టీరింగ్‌ కమిటీ ఉంటుంది. ఏ ఏడాది ఏ ఊరు, ఎవరికి బాధ్యత అన్నది వాళ్లు చూస్తారు. ఆ ఏడాదికి ఇంటిపెద్ద అనదగ్గ మనిషి జనరల్‌ చైర్‌. ఏ పేపర్లు చదవాలో తేల్చేది ప్రోగ్రామ్‌ చైర్‌. ఇంకా డబ్బులు చూసుకోవడానికి ఒకరు, ప్రచురణకి ఒకరు, ప్రచారానికి ఒకరు, స్థానిక ఏర్పాట్లకి ఒకరు. వీళ్లంతా ఎక్కడో పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్లో, కంపెనీల్లో పనిచేసే ఇంజినీర్లో. పగలు ఉద్యోగం. రాత్రి అమెరికా వాళ్లతో ఫోన్‌ మీటింగు. ఇందుకు ఎవరూ పైసా ఇవ్వరు.

హైదరాబాద్‌కి బాగా అలవాటైన అతిథి ఒకటుంది... వీఎల్‌ఎస్‌ఐ డిజైన్‌ సదస్సు. చిప్‌ల తయారీలో డిజైన్‌ పనికి సంబంధించింది. 1985లో మద్రాసులో చిన్న వర్క్‌షాప్‌గా మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో ఒకరు విశ్వానీ అగ్రవాల్‌. చిప్‌ల పరీక్షా పద్ధతుల్లో పేరున్న పరిశోధకుడు. బెల్‌ ల్యాబ్స్‌లో చేసి, తర్వాత ఆబర్న్‌ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. మద్రాసు వర్క్‌షాప్‌ కాస్తా దేశమంతా తిరిగే అంతర్జాతీయ సదస్సయింది. ఎక్కువగా జనవరి మొదటి రెండు వారాల్లోనే పెడతారు. ఎందుకంటే అప్పుడు అమెరికాలో యూనివర్సిటీలకు సెలవులు. అక్కడి మన ప్రొఫెసర్లు అమ్మానాన్నల్ని చూసుకోవడానికి ఎలాగూ వస్తారు. పైగా ఇక్కడ ఎండలుండవు. ఒకే టికెట్టుతో రెండు పనులన్నమాట!

ఇది మన దగ్గరికి 1997లో, 2006లో, 2008లో, 2012లో, 2017లో, 2023లో వచ్చింది. ఆ తేదీలు వరసగా పెట్టి చూస్తే నగరం చరిత్రే కనిపిస్తుంది. 1997 జనవరిలో పదో సదస్సు జరిగినప్పుడు హైటెక్‌ సిటీ అన్నదే లేదు. సైబర్‌ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. మాదాపూర్‌ అంటే రాళ్లూ గుట్టలే. 2006లో వచ్చేసరికి హెచ్‌ఐసీసీ అప్పుడే తలుపులు తెరుస్తోంది. జనవరి 3 నుంచి 7 వరకు వీఎల్‌ఎస్‌ఐ సదస్సు, 7 నుంచి 9 వరకు ప్రవాసీ భారతీయ దివస్‌. ఒకే వారంలో ఒకే ఊళ్లో రెండు సందళ్లు... హోటల్‌ గదుల సంగతి ఊహించుకోండి. 2008 జనవరిలో వచ్చినవాళ్లు బేగంపేటలోనే విమానం దిగారు. మరో రెండు నెలలు ఆగితే శంషాబాద్‌లో దిగేవాళ్లు. 2023లో వచ్చినవాళ్లకి హైటెక్‌ సిటీ దాకా మెట్రో కూడా ఉంది. అప్పటికి అది 36వ సదస్సు.

పెళ్లిచూపుల్లో ఊరు

పెద్ద సదస్సుని ఒక ఊరికి తీసుకురావాలంటే ముందు ‘మా ఊరు బాగుంటుంది, మాకివ్వండి’ అని అడగాలి. దాన్ని బిడ్‌ అంటారు. సాధారణంగా మూడు నాలుగేళ్ల ముందే మొదలవుతుంది. అచ్చం పెళ్లిచూపులే! అటువైపు వాళ్లు ఆరా తీసేవి ఇన్నీ అన్నీ కావు. రెండు మూడు వేలమంది ఒకేచోట కూర్చునే హాలుందా? మధ్యలో స్తంభాలు అడ్డం రాకూడదు. ఆ హాలుతోపాటు ఒకేసారి పదిహేను చోట్ల ఉపన్యాసాలు జరగడానికి చిన్న గదులు కావాలి. ఒక గది నుంచి ఇంకో గదికి ఐదు నిమిషాల్లో నడిచిపోగలగాలి. విమానాశ్రయం నుంచి ఎంతసేపు? నడిచి వెళ్లేంత దూరంలో ఎన్ని హోటల్‌ గదులున్నాయి? స్టూడెంట్లు దిగడానికి చౌకవి ఉన్నాయా? వీసా సులువుగా వస్తుందా? ఆ నెలలో వానలా, ఎండలా?

2006కు ముందు ఈ ప్రశ్నల్లో మొదటిదానికే మనవాళ్లు తడబడేవాళ్లు. హెచ్‌ఐసీసీ వచ్చాక పరిస్థితి మారింది. 2007 జనవరిలో కృత్రిమ మేధ పరిశోధకుల ప్రపంచ సదస్సు ఐజేసీఏఐ వచ్చింది. 2011లో వరల్డ్‌ వైడ్‌ వెబ్‌ సదస్సు, 2014లో సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరింగ్‌ వాళ్ల ఐసీఎస్‌ఈ, 2018లో మాట సాంకేతికత మీద ఇంటర్‌స్పీచ్‌... అన్నీ ఆ ఒక్క ప్రాంగణంలోనే. హాలొక్కటే కారణమంటే పొరపాటు. హాలు ఎవరైనా కట్టొచ్చు. నడిచేంత దూరంలో కంపెనీలు, పక్కనే గచ్చిబౌలిలో ట్రిపుల్‌ఐటీ, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ... ఇవి ఉండబట్టే ‘పని చేయడానికి మనుషులున్నారు’ అని అవతలివాళ్లు నమ్మారు.

తేదీలు ఖరారు చేయడం మరో జూదం. మూడేళ్ల తర్వాత ఆ వారంలో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు? వెబ్‌ సదస్సే చూడండి. 2011 మార్చి 28 నుంచి ఏప్రిల్‌ 1 దాకా అని పెట్టుకున్నారు. వెబ్‌ సృష్టికర్త టిమ్‌ బెర్నర్స్‌ లీ వచ్చారు, అబ్దుల్‌ కలామ్‌ వచ్చారు. కానీ దానికి సరిగ్గా 18 రోజుల ముందు, మార్చి 10న ట్యాంక్‌బండ్‌ మీద మిలియన్‌ మార్చ్‌. ఉద్యమం ఉధృతంగా ఉంది. ఏ రోజు ఏ బంద్‌ పిలుపొస్తుందో తెలీదు. అదీ చాలదన్నట్టు సదస్సు మూడో రోజు, మార్చి 30న మొహాలీలో భారత్‌-పాకిస్థాన్‌ ప్రపంచకప్‌ సెమీఫైనల్‌! ఆ మధ్యాహ్నం సెషన్లో మాట్లాడాల్సి వచ్చినవాళ్లని తలచుకుంటే జాలేస్తుంది.

ఐసీఎస్‌ఈది ఇంకా విచిత్రం. 2014 మే 31 నుంచి జూన్‌ 7 వరకు. జనరల్‌ చైర్‌ ప్రొఫెసర్‌ పంకజ్‌ జలోటే. ఆ సదస్సు భారత్‌కి రావడం అదే తొలిసారి. మధ్యలో జూన్‌ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. అంటే మొదటిరోజుకే వచ్చినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో విమానం దిగి, తెలంగాణలో విమానం ఎక్కారు. హోటల్‌ మారలేదు, గది మారలేదు... రాష్ట్రం మారింది!

పేరు దాచి... మార్కులు వేసి

హాలు, హోటలు, భోజనాలు... ఇవన్నీ పైకి కనిపించేవి. సదస్సుకి ప్రాణం మాత్రం కనిపించని పనిలో ఉంది. అది పేపర్ల వడపోత.

ఉదాహరణకి జనవరిలో సదస్సనుకోండి. అంతకుముందు వేసవిలోనే ‘మీ పరిశోధన పంపండి’ అని పిలుపు వెళ్తుంది. జులై, ఆగస్టు ప్రాంతంలో గడువు. ఆఖరి రోజు రాత్రే సగానికి సగం పేపర్లు వచ్చిపడతాయి. మనవాళ్లనే అనుకోకండి, ఈ విషయంలో ప్రపంచమంతా ఒకటే! తర్వాత ఒక్కో పేపర్‌ని కనీసం ముగ్గురికి పంపుతారు. చాలా సదస్సుల్లో రాసినవాళ్ల పేరు చదివేవాళ్లకి తెలియదు, చదివినవాళ్ల పేరు రాసినవాళ్లకి తెలియదు. ఇంటర్‌ జవాబు పత్రాలకు కోడ్‌ వేసి హాల్‌టికెట్‌ నెంబరు దాచేస్తారే, అలాగ. సొంత శిష్యుడి పేపర్‌, సొంత కాలేజీ పేపర్‌ చదవకూడదు. ఎక్కణ్నుంచైనా ఎత్తి రాశారేమో సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తారు. కొన్నిచోట్ల ‘మీరన్న లోపం నిజం కాదు, ఇదిగో కారణం’ అని రాసినవాళ్లు జవాబు చెప్పుకునే అవకాశమూ ఇస్తారు.

ఈ పనికి ఎంత సమయం పడుతుందో ఓ లెక్క వేద్దాం. 500 పేపర్లు వచ్చాయనుకోండి. ముగ్గురేసి చొప్పున 1,500 సమీక్షలు. ఒక్కోదానికి మూడు గంటలు వేసుకున్నా 4,500 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు పనిచేసే మనిషికి 560 రోజులకు పైమాటే. ఆదివారాలు కూడా మానకుండా చేస్తే ఏడాదిన్నర! దాన్ని వందమందో రెండొందల మందో పంచుకుని, రెండు నెలల్లో ముగిస్తారు. ఉచితంగా. ఎందుకంటే రేపు వాళ్ల పేపర్‌ని ఇంకెవరో ఇలాగే చదివిపెట్టాలి. మన పల్లెల్లో ‘బదులు పని’ అని ఉండేది గుర్తుందా? ఈవాళ మీ చేలో నాట్లకు మేమొస్తాం, రేపు మా చేలోకి మీరు రండి. ఇది అదే.

మరి ఎన్ని పేపర్లు నెగ్గుతాయి? వెబ్‌ సదస్సుకి 2011లో 650 పైచిలుకు వస్తే తీసుకున్నవి 81. ఐసీఎస్‌ఈకి 2014లో 500కు కాస్త తక్కువగా వస్తే 99. అంటే ఐదింట ఒకటి. మిగతా నలుగురికీ ‘క్షమించండి’ అని ఉత్తరం. దాంతోపాటు ఎక్కడ తప్పుందో ముగ్గురు రాసిన వివరాలు. మొదటిసారి ఆ ఉత్తరం అందుకున్న కుర్రాడు కుంగిపోతాడు. కానీ ఊళ్లో ఎవరికీ తెలియని తన పని కోసం ముగ్గురు నిపుణులు గంటలకొద్దీ కూర్చున్నారని కొంతకాలానికి తెలుస్తుంది. తిరస్కరించడమే ఇలాంటి సదస్సులకున్న విలువ. అందరినీ పాస్‌ చేసే పరీక్షకి ఎవరు చదువుతారు చెప్పండి?

ఖాళీ గది ఖరీదు

ఇక డబ్బు. ఇంటిపెద్దకి నిద్రపట్టని చోటు ఇదే. హాలు అద్దె, భోజనాలు, తెరలు, మైకులు, ఇంటర్నెట్‌ అన్నిటికీ ఏడాది ముందే మాట ఇచ్చేయాలి. ఎంతమంది వస్తారో తెలిసేది మాత్రం ఆఖరి నెలలో. హోటళ్లదైతే మరీ తలనొప్పి. ఉదాహరణకి 400 గదులు ఐదు రాత్రులకు పట్టి ఉంచమన్నారనుకోండి. ‘సరే, అందులో నూటికి ఎనభై నిండాలి, నిండకపోతే తేడా మీరే కట్టాలి’ అంటుంది హోటల్‌. మొత్తం 2,000 రాత్రుల్లో 1,600 నిండాలన్నమాట. నిండింది 1,200 అయితే మిగిలిన 400కీ చేతినుంచి కట్టాలి. రాత్రికి ఏడు వేలు వేసుకున్నా 28 లక్షలు! పాఠాలు చెప్పుకునే ప్రొఫెసర్‌ ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తుంది. వెనక సంఘం ఉంటుంది కాబట్టి సొంత ఇల్లు అమ్ముకోనక్కర్లేదు. కానీ మాట మాత్రం ఆయనదే.

రాబడి రెండు వైపుల నుంచి. ఒకటి కంపెనీల స్పాన్సర్‌షిప్‌. ప్లాటినం, గోల్డ్‌, సిల్వర్‌... నగల దుకాణంలా మెట్లుంటాయి. ఏఎండీ, క్వాల్‌కామ్‌, మైక్రాన్‌ లాంటివాటి ఆఫీసులు ఇక్కడే ఉండటం చిప్‌ సదస్సులకి కలిసొచ్చే విషయం. కంపెనీలకీ ఊరికే పోదు, మంచి విద్యార్థుల్ని అక్కడే చూసుకుంటాయి. రెండోది రిజిస్ట్రేషన్‌ ఫీజు, పైన 18 శాతం జీఎస్‌టీ. పెద్ద అంతర్జాతీయ సదస్సుల ఫీజులు వందల డాలర్లలో ఉంటాయి. మూడొందల డాలర్లనుకున్నా మన లెక్కలో పాతిక వేల పైమాటే. గేట్‌ రాసి ఎంటెక్‌ చేరిన విద్యార్థికి నెలకొచ్చే స్టైపెండ్‌ 12,400. అంటే రెండు నెలల తిండీ గదీ! సదస్సు మన ఊరికే వచ్చినా, మన పిల్లాడు గేటు బయటే ఉండిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. నన్నడిగితే ఒక సదస్సుని బాగా జరిపారా లేదా అని చెప్పడానికి విందులో ఎన్ని రకాలు పెట్టారో కాదు, ఈ చిక్కుని ఎలా విప్పారో చూడాలి.

వీఎల్‌ఎస్‌ఐ డిజైన్‌ వాళ్లు దీనికి చాలాకాలంగా ఒక పద్ధతి పాటిస్తున్నారు. ఫెలోషిప్‌లు. దేశంలోని కాలేజీల నుంచి విద్యార్థులు, అధ్యాపకులు దరఖాస్తు చేసుకుంటే కొందరిని ఎంచి ఖర్చుల్లో సాయం చేసి రప్పిస్తారు. సదస్సులో మొదటి రెండు రోజులు పాఠాలు, తర్వాత మూడు రోజులు పేపర్లు. మామూలు కాలేజీలో చిప్‌ డిజైన్‌ చెప్పే లెక్చరర్‌కి ఆ రెండు రోజుల పాఠాలు ఎంత ఉపయోగమో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో దారి వాలంటీర్‌గా చేరడం. టీషర్టు వేసుకుని, నాలుగు పూటలు డ్యూటీ చేస్తే మిగతా పూటలు సదస్సు వినొచ్చు.

సర్కారు కాగితాలు, మిరపకాయలు

విదేశీయులు వచ్చే సదస్సుకి కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. విదేశాంగ శాఖ సరేననాలి. ఎవరెవరు ఏ దేశాల నుంచి వస్తున్నారో జాబితా ఇవ్వాలి. ఆ అనుమతి ప్రతి, ఆహ్వానపత్రం జతచేస్తేనే కాన్ఫరెన్స్‌ వీసా. ఇందులో ఒక్క కాగితం ఆలస్యమైతే ఎక్కడో ఓ పీహెచ్‌డీ విద్యార్థి విమానం ఎక్కలేడు. ఎక్కకపోతే ఏమవుతుంది? పేపర్‌ నెగ్గినా, సదస్సులో ఎవరూ చెప్పకపోతే దాన్ని శాశ్వత భండారంలో చేర్చకుండా పక్కనపెట్టే నియమం ఐ-ట్రిపుల్‌-ఈ సదస్సుల్లో ఉంది. ఏడాది పని గాల్లో కలిసిపోతుంది. అందుకే ఆఖరి నెలలో స్థానిక కమిటీ వాళ్ల ఫోన్లకి అర్ధరాత్రి కూడా మెయిళ్లు వస్తూనే ఉంటాయి... ‘సర్‌, నా వీసా’ అంటూ.

తీరా సదస్సు మొదలయ్యాక చూడాల్సినవి అన్నీ చిన్న చిన్నవే. పోస్టరు అతికించడానికి పిన్నులు. ఒకే రంగానికి చెందిన రెండు ఉపన్యాసాలు ఒకే సమయంలో పడకుండా పట్టిక. వేలమంది ఒకేసారి ల్యాప్‌టాప్‌ తెరిస్తే కూలిపోని వైఫై. మాట్లాడేవాళ్లకి ‘ఐదు నిమిషాలే’, ‘రెండు నిమిషాలే’ అని చూపించే అట్టముక్కలు. పేరు తప్పు పడిన బ్యాడ్జీలు మళ్లీ ముద్రించే మిషను. భోజనాల దగ్గర జైనులకి వేరు, పాలు కూడా ముట్టనివాళ్లకి వేరు, హలాల్‌ అడిగేవాళ్లకి వేరు. మిరపకాయ సంగతి మరీ ముఖ్యం. మనవాళ్లకి చప్పగా ఉందనిపించే కూరకే అవతలివాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ప్రతి గిన్నె ముందూ కారం ఎంతో చెప్పే చీటీ పెట్టాల్సిందే. దమ్‌ బిర్యానీ పెట్టిన రోజు మాత్రం ఈ చీటీలు ఎవరూ చదవరనుకోండి!

ఒక్కోసారి ఇదంతా సిద్ధం చేశాక ఊరే లేకుండా పోతుంది. 2020లో ఐకాస్‌ బార్సిలోనాలో జరగాలి. హాలు, హోటళ్లు అన్నీ ఖాయం. కరోనా వచ్చింది. కొన్ని వారాల వ్యవధిలో మొత్తం సదస్సుని కంప్యూటర్‌ తెరమీదికి ఎక్కించాల్సి వచ్చింది.

అసలేది... నకిలీ ఏది?

ఇంత శ్రమ ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే మోసపోయేది మన పిల్లలే. ఇంజినీరింగ్‌ చదివే పిల్లాడు ఇంటికొచ్చి ‘నాన్నా, నా పేపర్‌ ఇంటర్నేషనల్‌ కాన్ఫరెన్స్‌కి సెలెక్ట్‌ అయింది, ఎనిమిది వేలు కట్టాలి’ అంటాడు. నాన్న సంతోషంగా కడతాడు. పేపర్‌ పంపిన మూడో రోజే ‘ఎంపికైంది’ అని మెయిల్‌. హోటల్లో ఓ గది, ముప్ఫై కుర్చీలు. సివిల్‌ నుంచి నర్సింగ్‌ దాకా అన్నీ ఒకే వేదిక మీద. మెమెంటో, శాలువా, ఫొటో, సర్టిఫికెట్‌. అయిపోయింది! ఆ పేపర్‌ని ఎవరూ చదవలేదు, ఇక ఎవరూ చదవరు.

ఇది మన జబ్బే కాదు. 2005లో అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు ఒక చిన్న ప్రోగ్రామ్‌ రాశారు. అది అర్థంపర్థం లేని వాక్యాలని పరిశోధనా పత్రంలా పేర్చిపెడుతుంది. అలా పుట్టిన పేపర్‌ని ఓ సదస్సుకి పంపితే... ఎంపికైంది! అయితే ఈ విషయంలో హైదరాబాద్‌ పేరు కూడా ప్రపంచంలో మోగింది. ఇక్కడి నుంచి నడిచిన ఓమిక్స్‌ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌ 2016లో కేసు పెట్టింది. పేపర్ల సమీక్ష గురించి తప్పుడు మాటలు చెప్పారని, రావడానికి ఒప్పుకోని ప్రముఖుల పేర్లు సదస్సుల ప్రకటనల్లో వేశారని అభియోగం. 2019 మార్చిలో అక్కడి కోర్టు ఐదు కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పిచ్చింది. ఒకే నగరం... అటు హెచ్‌ఐసీసీలో ప్రపంచం గౌరవించే సదస్సులు, ఇటు ఈ తీర్పు.

తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. ఆ సదస్సు కిందటేడాది ఎక్కడ జరిగింది, అప్పటి పేపర్లు ఎక్కడ దొరుకుతాయి అని అడగండి. పంపిన పేపర్‌ మీద సమీక్షకులు ఏం రాశారో చూపించమనండి. నిజమైన చోట తప్పులెన్నడానికే రెండు మూడు నెలలు పడుతుంది, మూడు రోజుల్లో వచ్చిన మెచ్చుకోలుని అనుమానించాల్సిందే. కమిటీలో పేరున్న ప్రొఫెసర్లు కనిపిస్తే వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఆ సదస్సు ప్రస్తావన ఉందేమో చూడండి, లేదా నేరుగా మెయిల్‌ రాయండి. తెలిసిన మాస్టారు ఒకరికి ఫోన్‌ చేసి అడిగినా చాలు. ఎనిమిది వేలకంటే ఫోన్‌ చౌక.

అసలైన సదస్సు వచ్చి వెళ్లాక ఏదో ఒకటి మిగులుతుంది. 2018 సెప్టెంబరు మొదటివారంలో ఇంటర్‌స్పీచ్‌ జరిగింది. ట్రిపుల్‌ఐటీ ప్రొఫెసర్‌ బి.యజ్ఞనారాయణ జనరల్‌ చైర్‌. మాటల సాంకేతికతలో దశాబ్దాలుగా శిష్యుల్ని తయారుచేసిన మనిషి. ఆ సందర్భంగా భారతీయ భాషల మీద ఓ పోటీ పెట్టారు. తెలుగు, తమిళం, గుజరాతీ... ఒక్కోదానికి దాదాపు 50 గంటల రికార్డింగులు మైక్రోసాఫ్ట్‌ ఇచ్చింది. ఈ మాటల్ని విని అక్షరాల్లో పెట్టే యంత్రం తయారుచేయండి అని సవాలు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా నెలల తరబడి తెలుగు మాటలు వింటూ కూర్చున్నారు. సదస్సు ఇక్కడికి రాకపోతే వాళ్ల చెవిన తెలుగు అంత త్వరగా పడేదా?

ముగింపు సభలో ఒక ఆచారం ఉంది. వచ్చే ఏడాది ఆతిథ్యమిచ్చేవాళ్లు వేదికెక్కి తమ ఊరి ఫొటోలు చూపించి ‘రండి’ అని పిలుస్తారు. హైదరాబాద్‌ తర్వాత ఐకాస్‌ వంతు 2026లో మళ్లీ బార్సిలోనాకే దక్కింది. ఆరేళ్ల కిందట కరోనా మింగేసిన ఊరికే! చప్పట్లు మోగుతాయి. అప్పటిదాకా పరిగెత్తిన స్థానిక కమిటీ వాళ్లు చివరి వరసలో కూర్చుని కాళ్లు చాపుకుంటారు. వాళ్లకి ఇంకా పని ఉంటుంది. బిల్లులు, జీఎస్‌టీ లెక్కలు, ఆడిట్‌... కొన్ని నెలల పని. మిగిలిపోయిన టీషర్టులు, సంచులు ఎవరో ఒకరు ఇంటికి పట్టుకెళ్లాలి. ఎప్పుడైనా కూకట్‌పల్లి రైతుబజారులో బెండకాయలు ఏరుతున్న పెద్దాయన భుజాన ఏ సదస్సు పేరో రాసున్న సంచి కనిపిస్తే, ఓసారి పలకరించి చూడండి. ఆ ఏడాది హోటల్‌ గదుల కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే కావచ్చు!